పాత అనాథాశ్రమాల రికార్డులు దగ్గరున్న వారికి బహిరంగ లేఖ: ముందు జాబితా బయటపెట్టండి

నగరాల్లో ఒకప్పుడు నడిచిన, ఇప్పటికీ నడుస్తున్న అనాథాశ్రమాల రిజిస్టర్లు, ఫైళ్ళు ఎవరి బీరువాల్లో ఉన్నాయో వారందరికీ, అంటే ట్రస్టీలకు, మత సంస్థల పెద్దలకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు, నగర పాలక సంస్థల రికార్డు గదుల బాధ్యులకు, ప్రభుత్వ ఆర్కైవ్స్ అధికారులకు నమస్కారం.

మేము మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ దగ్గర ఏ ఆశ్రమానికి చెందిన ఏ పుస్తకాలున్నాయో, అవి ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉన్నాయో ఒక జాబితా రాసి అందరికీ తెలిసేలా పెట్టండి. పుస్తకాలు తెరిచి చూపించమనడం లేదు. పిల్లల పేర్లు చెప్పమని అసలే అనడం లేదు. "బాలికల అడ్మిషన్ రిజిస్టర్లు, 1911 నుంచి 1934 వరకు, మూడు పుస్తకాలు, మధ్యలో 1920–22 పుస్తకం లేదు" అన్నపాటి వాక్యం చాలు. ఆ వాక్యం ఎక్కడా లేకపోవడం వల్లే, తాము పెరిగిన చోటు గురించో తమ తల్లి పెరిగిన చోటు గురించో వెతకబోయినవాళ్ళు మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు.

అడగడానికి వచ్చినవారికి మామూలుగా రెండు జవాబులు దొరుకుతాయి. "పాతవేమీ లేవండీ" అన్నది ఒకటి. చాలాసార్లు ఇది బీరువా తెరిచి చూడకుండానే వస్తుంది. పాత గుమాస్తా రిటైరయ్యాక ఏ అరలో ఏముందో తెలిసినవాళ్ళు ఉండరు. తెలియదని చెప్పడం కన్నా లేవని చెప్పడం సులువు. "అవి రహస్యం" అన్నది రెండోది. ఇందులో సగం న్యాయం ఉంది. బిడ్డ ఎలా వచ్చాడు, తల్లి ఎవరు, ఎందుకు వదులుకుంది అన్న వివరాలకు గోప్యత ఉండాల్సిందే, బతికున్నవాళ్ళ విషయంలో మరీనూ. కానీ రిజిస్టరు ఉందన్న సంగతినే దాచిపెడితే ఏ బిడ్డకూ మేలు జరగదు. ఆ దాపరికం కాపాడేది సంస్థను మాత్రమే.

జాబితాను, లోపలి వివరాలను వేరు చేయడం కుదురుతుందా అని సందేహం ఉంటే ఆస్ట్రేలియాను చూడండి. 20వ శతాబ్దంలో అక్కడ 5 లక్షల మందికి పైగా పిల్లలు ఆశ్రమాల్లో, పెంపుడు సంరక్షణలో పెరిగారని 2004 నాటి సెనేట్ కమిటీ నివేదిక చెప్పింది. 2009 నవంబర్ 16న ప్రభుత్వం వాళ్ళకు క్షమాపణ చెప్పింది. 2011లో ఫైండ్ అండ్ కనెక్ట్ వెబ్‌సైటు మొదలైంది. అందులో ఒక్కో ఆశ్రమానికి ఒక్కో పేజీ ఉంటుంది. ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, పేరు ఎలా మారింది, ఎవరు నడిపారు, రికార్డులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి, కావాలంటే ఎవరికి రాయాలి అన్నవే అందులోని విషయాలు. అక్కడ పెరిగిన పిల్లల పేర్ల పట్టికలు పెట్టలేదు. మేము మీ నుంచి కోరుతున్నది సరిగ్గా ఇదే, ఒక నగరం స్థాయిలో.

జాబితాలో మొదటి వరస ఆశ్రమం పేరు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, వెతుకులాట ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. న్యూయార్క్‌లో నల్లజాతి పిల్లల కోసం 1836లో మొదలైన సంస్థను జనం కలర్డ్ ఆర్ఫన్ అసైలం అనేవారు. 1863 జులై 13న, నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా చెలరేగిన అల్లర్లలో ఒక గుంపు ఆ భవనాన్ని తగలబెట్టింది. లోపలున్న 200 మందికి పైగా పిల్లలను సిబ్బంది బయటికి తీసుకుపోగలిగారు. సంస్థ ఆగలేదు. 1907లో రివర్‌డేల్‌కు మారింది, 1944లో రివర్‌డేల్ చిల్డ్రన్స్ అసోసియేషన్ అయింది. దాని రికార్డులు న్యూయార్క్ హిస్టారికల్ (పాత పేరు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ) దగ్గర భద్రంగా ఉన్నాయి. అయితే జనం పిలిచిన పేరు మీద కాదు, దాన్ని నడిపిన అసోసియేషన్ ఫర్ ద బెనిఫిట్ ఆఫ్ కలర్డ్ ఆర్ఫన్స్ అనే సంఘం పేరు మీద. నాయనమ్మ నోట విన్న పేరుతో వెతికే మనిషికి ఈ మూడు పేర్లూ ఒకటేనని చెప్పేవాళ్ళుండాలి. ఊరు మారినా ఇదే తంటా. మద్రాసు ఎగ్మూరులో 1789లో మొదలైన సైనికుల అబ్బాయిల ఆశ్రమం తర్వాతి కాలంలో నీలగిరుల్లోని లారెన్స్ అసైలంలో కలిసింది. లండన్‌లో 1741లో తెరిచిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ (పేరుకు హాస్పిటలే కానీ అది వదిలేసిన పసిపిల్లల ఆశ్రమం) 1926లో నగరం విడిచి రెడ్‌హిల్‌కు, 1935లో బెర్కమ్‌స్టెడ్‌కు వెళ్ళింది. ఒక నగరపు పిల్లల చరిత్ర ఆ నగరంలోనే ఉండాలన్న నియమం లేదు.

అందుకని ఒక్కో ఆశ్రమానికి అధికారిక పేరుతో పాటు వాడుక పేర్లన్నీ రాయండి. వీధి పేరుతో పిలిచినా, స్థాపకురాలి పేరుతో పిలిచినా, పక్కనున్న గుడి, చర్చి, దర్గా పేరుతో పిలిచినా అన్నీ రాయండి. అన్ని చిరునామాలూ, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్నది చేర్చి రాయండి. నడిపిన సంస్థ వేరైతే దాని పేరు, మూసేశాక పిల్లల్నీ పుస్తకాల్నీ ఎవరు తీసుకున్నారన్నది కూడా ఉండాలి. మీకే ఇవి స్పష్టంగా తెలియకపోతే పాత నగర డైరెక్టరీలను ఏడాది వెంట ఏడాది తిరగేయండి. చిరునామా ఏ ఏడు మారిందో అక్కడ పట్టుబడుతుంది. మునిసిపల్ గ్రాంటు ఫైళ్ళు, స్థలం దస్తావేజులు మిగతాది పూరిస్తాయి.

ఇక పుస్తకాలు. ఆశ్రమంలో చేరిన పిల్లలందరికీ అమ్మానాన్నలు పోయారన్న ఊహతో రికార్డులు చూస్తే సగం పుస్తకాలు అక్కర్లేనివిగా కనిపిస్తాయి. నిజానికి చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. భార్య పోయి పనికి వెళ్ళక తప్పని తండ్రి, భర్త పోయి ఇళ్ళల్లో పనికి కుదిరిన తల్లి, జబ్బుతో ఆసుపత్రి పాలైన మనిషి పిల్లల్ని కొన్నాళ్ళకని తెచ్చి ఒప్పగించేవారు. అమెరికాలో 1880 జనాభా లెక్కల్లో ఇల్లులేని పిల్లలకు విడిగా ఒక పట్టిక పెట్టారు. తండ్రి పోయాడా, తల్లి పోయిందా, వదిలేశారా, రాసిచ్చారా అని అందులో వేరు వేరు గడులు ఉన్నాయంటే, ఈ తేడాలు అప్పటివారికి ఎంత మామూలో తెలుస్తుంది. పెద్దవాళ్ళలో ఒకరు బతికి ఉన్నారంటే వాళ్ళు రాసిన అర్జీ ఉంటుంది, నెలనెలా కట్టిన సొమ్ముకు పద్దు ఉంటుంది, చూడడానికి వచ్చినప్పుడు సందర్శకుల పుస్తకంలో సంతకమో వేలిముద్రో ఉంటుంది, తిరిగి తీసుకెళ్ళిన రోజు రాసిచ్చిన కాగితం ఉంటుంది. ఇవి చెత్త కాగితాలు కావు. ఒక్కోసారి తల్లి చేతిరాతకు మిగిలిన ఒకే ఒక్క నమూనా అదే.

అడ్మిషన్ రిజిస్టరు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అందులోని లోపాలు తెలియకుండా జవాబులిస్తే తప్పుడు జవాబులే వెళ్తాయి. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో వరస సంఖ్య, చేరిన తేదీ, పేరు, వయసు, మతం, తల్లిదండ్రుల వివరం, ఎవరు తెచ్చారన్నది ఉంటాయి. కుడి పేజీలో టీకా, ఆరోగ్యం, వెళ్ళిన తేదీ, ఎక్కడికి వెళ్ళిందన్నది, రిమార్కులు. ఎడమ పేజీ చేరిన రోజే ఒకే చేతితో రాస్తారు. కుడి పేజీ ఏళ్ళ తర్వాత మరో గుమాస్తా, మరో సిరాతో పూరిస్తాడు, లేదా పూరించడు. కొత్త పుస్తకం మొదలుపెట్టాక పాత పుస్తకం తీసి కుడి గడులు నింపే ఓపిక చాలా చోట్ల ఉండేది కాదు. కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటే బిడ్డ చనిపోయిందనో పారిపోయిందనో అనుకోకూడదు. ఎవరూ రాయలేదని మాత్రమే అర్థం.

వయసు గడిని నమ్మకండి. తెచ్చినవారికి తెలియకపోతే చూపును బట్టి రాసేవారు. అందుకే 5, 8, 10 లాంటి అంకెలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. పుట్టినరోజు తెలియనివారికి జనవరి 1నో చేరిన తేదీనో వేసేయడం కూడా ఉంది. పేరు గడి ఇంకా కష్టం. ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో చేరిన ప్రతి బిడ్డకూ బాప్టిజం ఇచ్చి కొత్త పేరు పెట్టేవారు. తొలి రాత్రి చేరినవారిలో ఇద్దరికి స్థాపకుడు థామస్ కోరమ్ పేరు, ఆయన భార్య యూనిస్ పేరు పెట్టారు. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన దొరికే చోటు ఒక్కోసారి బాప్టిజం రిజిస్టరు మాత్రమే. మీ దగ్గర అది ఉంటే జాబితాలో దాన్ని ప్రత్యేకంగా చూపించండి.

వరస సంఖ్య కూడా మోసం చేస్తుంది. కొన్ని ఆశ్రమాలు ప్రతి ఏడూ 1 నుంచి మొదలుపెట్టాయి, కొన్ని ప్రతి కొత్త పుస్తకానికీ. మరికొన్ని, వెళ్ళిపోయిన పిల్ల సంఖ్యను కొత్తగా వచ్చిన పిల్లకు ఇచ్చాయి; బట్టల మీద కుట్టిన అంకె వృథా కాకూడదని. అందువల్ల "212వ నంబరు" అన్న ఒక్క వివరంతో ఎవరికీ జవాబు ఇవ్వకండి. పుస్తకం, సంవత్సరం, సంఖ్య, మూడూ కలిస్తేనే ఒక మనిషి.

తోబుట్టువుల కోసం వెతికేటప్పుడు దొరికిన వరసకు పైన నాలుగు వరసలు, కింద నాలుగు వరసలు తప్పక చదవాలి. ఒకే రోజు వచ్చిన అన్నదమ్ముల ఇంటిపేరు గుమాస్తా రెండు రకాలుగా రాసిన సందర్భాలు తరచూ ఉంటాయి. అక్క బాలికల పుస్తకంలో, తమ్ముడు బాలుర పుస్తకంలో, పాలుతాగే బిడ్డ శిశువుల పుస్తకంలో ఉండవచ్చు. కలిపేది చేరిన తేదీ, తెచ్చినవారి పేరు. ఇద్దరిని వేరు వేరు సంస్థలకు పంపి ఉంటే ఆ తేదీయే రెండో సంస్థ పుస్తకంలోకి దారి చూపిస్తుంది. ఒక నగరంలోని ఆశ్రమాలన్నీ ఒకేసారి జాబితాలు పెట్టాలని మేము పట్టుబట్టేది ఇందుకే. ఒక్క సంస్థ జాబితాతో అక్క దొరుకుతుంది, తమ్ముడు దొరకడు.

"ఎక్కడికి వెళ్ళింది" అన్న గడి మిమ్మల్ని బయటికి పంపుతుంది. పని నేర్చుకోడానికి ఇచ్చారంటే ఒప్పంద పత్రం వెతకాలి. బదిలీ అంటే మరో సంస్థ. కొన్నిసార్లు మరో ఖండం. 1854 నుంచి 1929 వరకు న్యూయార్క్ లాంటి తూర్పు తీరపు నగరాల నుంచి రైళ్ళలో పడమటి పల్లెలకు పంపిన పిల్లలు 2 లక్షలకు తక్కువ కాదని సాధారణంగా చెప్పే లెక్క. బ్రిటన్ నుంచి కెనడాకు 1869 తర్వాతి దశాబ్దాల్లో దాదాపు లక్ష మందిని పంపారు. వాళ్ళ వివరాలు సగం పంపిన చోట, సగం దిగిన చోట ఉంటాయి.

రిజిస్టరు పోయిందని తేలితే అక్కడితో కథ అయిపోయినట్టు కాదు. లెక్కల పుస్తకాలు చూడండి. పేరు తప్పు రాస్తే గుమాస్తాను అడిగేవారు లేరు, సొమ్ము తప్పు రాస్తే ఆడిటరు అడుగుతాడు. అందుకే పద్దుల్లో తేదీలు ఎక్కువ నమ్మదగ్గవి. పాలిచ్చే దాదికి నెలనెలా ఇచ్చిన జీతం ఒక నెలలో ఆగిందంటే బిడ్డ తిరిగి వచ్చినా వచ్చి ఉండాలి, చనిపోయినా పోయి ఉండాలి. ఫ్లోరెన్స్‌లోని ఇన్నొచెంతి ఆశ్రమం 1445 ఫిబ్రవరి 5న చేర్చుకున్న తొలి బిడ్డ పేరు అగాతా స్మెరాల్దా అని ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ఆ సంస్థ పుస్తకాలను తన దగ్గరే నిలుపుకున్నందుకే. దాదుల, పిల్లల లెక్కలు అందులో ఒక పెద్ద భాగం. తలకింత అని ప్రభుత్వ గ్రాంటు తీసుకున్న ఆశ్రమాలైతే బిల్లుతో పాటు పిల్లల పేర్లు జతచేసి పంపేవి. ఆశ్రమంలోని నకలు పోయినా నగర పాలక సంస్థ వోచర్లలో ఆ పట్టిక మిగిలి ఉండవచ్చు. పాలక సంస్థల బాధ్యులారా, మీరు "మాకు అనాథాశ్రమం ఎప్పుడూ లేదు" అనే ముందు గ్రాంటు ఫైళ్ళు చూడండి. వార్షిక నివేదికలు అచ్చువేసి చందాదారులకు పంచేవారు కనుక లైబ్రరీల్లో దొరుకుతాయి. వాటిలో పిల్లల పేర్లు తక్కువ, సంఖ్యలు, భవనాలు, జబ్బులు ఎక్కువ.

మరణాల పుస్తకం గురించి విడిగా చెప్పాలి. ఐర్లండ్‌లోని ట్యూమ్ పట్టణంలో 1925 నుంచి 1961 వరకు పెళ్ళికాని తల్లుల కోసం నడిచిన తల్లీబిడ్డల గృహంలో చనిపోయిన 796 మంది పిల్లల మరణ నమోదులను స్థానిక చరిత్రకారిణి కేథరిన్ కోర్లెస్ పౌర రిజిస్ట్రీ నుంచి ఒక్కొక్కటిగా సేకరించారు. ఖననం రికార్డులతో పోల్చితే ఆ పిల్లలు ఎక్కడున్నారో తేలలేదు. 2017లో ప్రభుత్వ విచారణ సంఘం ఆ స్థలంలో పిల్లల అవశేషాలు ఉన్నాయని నిర్ధారించింది. ఆశ్రమం సొంత మరణాల పుస్తకం, నగర జనన మరణాల రిజిస్టరు, శ్మశానం రిజిస్టరు ఈ మూడూ మూడు వేరు వేరు చేతులు రాసినవి. ఒకదాంట్లో ఉండి మరోదాంట్లో లేని పేరే పట్టించుకోవాల్సిన పేరు. మీ జాబితాలో మరణాల పుస్తకం ఉంటే దాన్ని కింద ఎక్కడో "ఇతరములు"లో పడేయకండి.

ఇప్పుడు పని ఎలా చేయాలో. ఇద్దరు మనుషులు, ఒక నోటు పుస్తకం, పెన్సిళ్ళు, టేపు కొలబద్ద, ఫోను కెమెరా చాలు. ముందు ఏదీ కదపకుండా ప్రతి బీరువానూ, ప్రతి అరనూ ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. తర్వాత ఒక్కో పుస్తకం తీసి, వెన్ను మీద ఏం రాసుందో అక్షరం పొల్లుపోకుండా, లోపల నిజంగా ఏముందో విడిగా రాయండి. ఈ రెండూ తరచూ వేరుగా ఉంటాయి. "సరుకుల ఖాతా" అని రాసిన పుస్తకాన్ని వెనక నుంచి తిప్పి అడ్మిషన్లు రాసుకున్న కాలం ఉంది, కాగితం ఖరీదు కనుక. మొదటి నమోదు తేదీ, చివరి నమోదు తేదీ, మధ్యలో ఖాళీలు, భాష, లిపి, పేజీల సంఖ్య, గడుల పేర్లు, పుస్తకం పరిస్థితి, అర నంబరు. ఒక పుస్తకానికి పది నిమిషాలు పడుతుంది. పిల్లల పేర్లు నోటు పుస్తకంలో రాయొద్దు. రాయకపోతే జాబితాను బయటపెట్టడానికి తర్వాత ఎవరి అనుమతీ వెతుక్కోనక్కర్లేదు.

పుస్తకంలో విడిగా పెట్టిన కాగితాలు కనిపిస్తాయి. వాటిని తీసి "ఉత్తరాలు" అని ఒక కవరులో వేయకండి. ఇందులో జరిగే నష్టం ఎంతటిదో ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనుభవమే చెబుతుంది. అక్కడ బిడ్డను చేర్చుకున్నప్పుడు అచ్చు ఫారం మీద సంఖ్య, తేదీ, బిడ్డ ఒంటి మీదున్న బట్టలు రాసి, తల్లి వదిలిన గుర్తును దానికే పిన్ చేసేవారు. ఒక రిబ్బను ముక్క, సగం కోసిన నాణెం, గౌను అంచు నుంచి కత్తిరించిన పూల గుడ్డ పేలిక. తల్లి ఎప్పుడైనా తిరిగి వస్తే ఆ గుర్తుతోనే బిడ్డను పోల్చుకోవాలి. 1756 నుంచి 1760 వరకు పార్లమెంటు సొమ్ముతో తెచ్చిన ప్రతి బిడ్డనూ తీసుకున్నప్పుడు దాదాపు 15 వేల మంది వచ్చారు. ఎక్కువ మంది బతకలేదు. ఫారాలకు అంటిపెట్టుకుని మిగిలిన గుడ్డ ముక్కలు దాదాపు 5 వేలు, 18వ శతాబ్దపు మామూలు జనం కట్టిన బట్టలు బ్రిటన్‌లో ఇంత పెద్ద ఎత్తున మరెక్కడా మిగల్లేదు. అయితే 19వ శతాబ్దంలో నాణేలు, పతకాల లాంటి గుర్తులను కొన్నింటిని ప్రదర్శనకు పెట్టాలని ఫారాల నుంచి ఊడదీశారు. అద్దాల పెట్టెలో అందంగానే ఉన్నాయి, ఏది ఏ బిడ్డదో తెలియకుండా పోయింది. ఫారాల్లోని వర్ణనలు, పిన్ను గుచ్చిన గుర్తులు పోల్చి కొన్నింటిని తిరిగి కలపడానికి పరిశోధకులకు ఏళ్ళు పట్టింది. అందుకే చెబుతున్నాం: విడి కాగితం ఏ రెండు పేజీల మధ్య ఉందో అక్కడే ఉండనివ్వండి. పుస్తకం చిరిగిపోయేలా ఉండి తీయక తప్పకపోతే, ఆ కాగితాన్ని శుభ్రమైన తెల్ల కాగితంలో మడిచి పుస్తకం, పేజీ సంఖ్యలు పెన్సిలుతో దాని మీద రాయండి.

తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు తీసేయొచ్చు; రబ్బరు బ్యాండ్లు తప్పక తీయాలి, అవి కరిగి కాగితానికి అతుక్కుంటాయి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి, జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది. లామినేషన్ అసలు వద్దు, దాన్ని వెనక్కి తీసుకునే దారి దాదాపు లేదు. పాత నల్ల సిరాలో ఇనుము, ఆమ్లం ఉంటాయి; తేమ తగిలితే రాత ఉన్న చోటే కాగితం తెగుతుంది, కాబట్టి పేజీలను తడిగుడ్డతో తుడవకూడదు. పెద్ద రిజిస్టర్లను నిలబెట్టకుండా పడుకోబెట్టండి, నిలబెడితే బరువుకు కుట్లు ఊడతాయి. అరలు గోడకు జానెడు దూరంగా, నేలకు ఎత్తుగా ఉండాలి. చెదలు గోడ వెంటే వస్తాయి. కాగితానికి చేతి తొడుగులు అక్కర్లేదు, కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. నూలు తొడుగులతో పెళుసు అంచులు తెలియక విరుగుతాయి. ఫొటోలకు మాత్రం తొడుగులు వేసుకోండి, వాటి వెనక బాల్‌పెన్నుతో రాయకండి. తడిసిన పుస్తకాలకు 48 గంటల్లో బూజు మొదలవుతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే సంచుల్లో పెట్టి ఫ్రీజరులో పెట్టించండి, తర్వాత కొన్ని కొన్నిగా ఆరబెట్టుకోవచ్చు.

స్కానింగు తొందర మాకూ తెలుసు. కానీ జాబితా లేకుండా స్కాన్ చేస్తే బీరువాలోని గందరగోళం హార్డ్ డిస్కులోకి మారుతుంది, అంతే. చేసేటప్పుడు అట్ట నుంచి అట్ట దాకా ఖాళీ పేజీలతో సహా తీయండి. ఖాళీ పేజీ వదిలేస్తే అక్కడ ఒక పేజీ చింపేశారా అన్న ప్రశ్నకు జవాబుండదు. రంగులో, 300 నుంచి 400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని స్కాను స్పష్టతకు కొలత), అసలు ప్రతిని టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే రకం) ఫైలుగా. ఫైలు పేరులో ఆశ్రమం కోడు, పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య మాత్రమే ఉండాలి. పిల్లల పేర్లు పెడితే ఫోల్డరు తెరిచిన ప్రతివాడికీ అవి కనిపిస్తాయి. బయటి ఏజెన్సీకి ఇస్తే ప్రతులు తమ దగ్గర ఉంచుకోబోమని రాతపూర్వకంగా తీసుకోండి. పేర్లను పట్టికలో ఎక్కించాల్సి వస్తే రాసినదాన్ని రాసినట్టే ఒక గడిలో, మీరు సరిదిద్దిన రూపం మరో గడిలో ఉంచండి. సరిదిద్దింది మాత్రమే మిగిల్చితే, తప్పు మీదైనప్పుడు వెనక్కి వెళ్ళే దారి ఉండదు.

జాబితా బయటికొచ్చాక ఉత్తరాలు వస్తాయి. భయపడాల్సిన పని లేదు, పద్ధతి ఉంటే చాలు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక (1989) 8వ అధికరణం బిడ్డ తన గుర్తింపును నిలుపుకునే హక్కును గౌరవించమంటుంది. దేశాల మధ్య దత్తత మీద 1993లో వచ్చిన హేగ్ ఒడంబడిక 30వ అధికరణం బిడ్డ పుట్టుపూర్వోత్తరాల సమాచారాన్ని భద్రపరచమని, చట్టం అనుమతించిన మేరకు తగిన మార్గదర్శనంతో అందించమని చెబుతుంది. అడిగేవారి నుంచి ఆశ్రమంలో పిలిచిన పేరు, ఇంకేమైనా పేర్లు, సుమారు సంవత్సరాలు, తోబుట్టువుల పేర్లు, ఎవరు తెచ్చి దింపారన్నది, గుర్తింపు రుజువు తీసుకోండి. చెప్పిన సంవత్సరానికి మూడేళ్ళు ముందు, మూడేళ్ళు వెనక చూడండి. చిన్నప్పటి తేదీలు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు.

తన సొంత రికార్డు తాను అడిగినవారికి ఎప్పుడైనా, రుసుము లేకుండా ఇవ్వాలన్నది మా గట్టి అభిప్రాయం. సారాంశం టైపు చేసి ఇవ్వకండి, ఆ పేజీ నకలే ఇవ్వండి. అదే పేజీలో ఇతర పిల్లల పేర్లుంటే నకలు తీసేటప్పుడు కాగితపు పట్టీలు అడ్డం పెట్టండి. ఆ కారణంతో పేజీ మొత్తాన్ని నిరాకరించకండి. పరిశోధకులకు మాత్రం గడువు పెట్టుకోవచ్చు. బ్రిటన్ జనాభా లెక్కల వ్యక్తిగత వివరాలను 100 ఏళ్ళు, అమెరికా 72 ఏళ్ళు మూసి ఉంచుతున్నాయి. ఆశ్రమాలకు 100 ఏళ్ళు సబబుగా ఉంటుంది. ఒక చిక్కుంది. 1905లో మొదలై 1950లో ముగిసిన పుస్తకాన్ని చివరి తేదీ నుంచి లెక్కేస్తే 2050 దాకా తెరవలేం. అలాంటప్పుడు గడువు దాటిన పేజీల నకళ్ళను విడిగా కట్టి చదవనివ్వండి.

పాత గుమాస్తాలు పిల్లల గురించి రాసిన మాటలు కొన్ని చదవలేనంత కఠినంగా ఉంటాయి. తల్లి నడవడి గురించి రాసినవి మరీను. వాటిని చెరపకండి, కొట్టేయకండి. ఇచ్చే ముందు ఇలాంటివి ఉన్నాయని ఆ మనిషికి చెప్పండి, వెంట ఒకరిని తెచ్చుకోనివ్వండి, కావాలంటే తన మాటగా ఒక కాగితం రాసి ఫైలులో చేర్చే వీలివ్వండి. ఏమీ దొరకనప్పుడు "లేదు" అని ఒక ముక్కలో జవాబివ్వకండి. ఏ పుస్తకాలు, ఏ సంవత్సరాలు, ఏ ఏ రకాలుగా రాసిన పేర్లతో వెతికారో రాయండి. ఆ మనిషి తర్వాత తట్టాల్సిన తలుపు ఏదో దానితోనే తెలుస్తుంది.

కొన్ని సంస్థలు ఈ లేఖ చదివే సమయానికే భవనం అమ్మే పనిలోనో మూసేసే పనిలోనో ఉండవచ్చు. వారు మిగతావన్నీ పక్కనపెట్టి, తాళాలు అప్పగించకముందే బీరువాల ఫొటోలు తీసి, పుస్తకాలను పెట్టెలకు నంబర్లు వేసి ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు రసీదు మీద అప్పగించాలి. పాత కాగితాల వ్యాపారికి ఒక్క కట్ట కూడా వేయొద్దు, బిల్లుల కట్టలైనా సరే. ఏ పుస్తకాలైనా వరదలోనో నిప్పులోనో పోయాయని మీకు తెలిసి ఉంటే జాబితాలో ఆ సంవత్సరాల ఎదురుగా ఆ మాటే, ఏ ఏడు ఎలా పోయాయో రాయండి; లేనిదాని కోసం వెతుకుతూ మనుషులు ఏళ్ళు పోగొట్టుకోకుండా ఉంటారు. జాబితా మీద తేదీ, తయారుచేసినవారి హోదా వేసి ఒక ప్రతి ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు, ఒకటి నగర కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి పిల్లల సంక్షేమం చూసే కార్యాలయానికి పంపండి, ఒకటి మీ గేటు లోపల నోటీసు బోర్డుకు పెట్టండి. కొత్తగా ఏ పెట్టె బయటపడినా అదే జాబితాలో చేర్చి, తేదీ మార్చి మళ్ళీ పంపండి.

ఇట్లు,
అనాథాశ్రమాల చరిత్ర, రికార్డుల మీద పనిచేస్తున్న పరిశోధకులు, రికార్డు సంరక్షకులు